ఏ నీళ్ళు తాగిన గింజ

మా బావ కరిముల్లా నన్ను ఏడో క్లాసు తప్పినోడన్నాడు. నిన్న సాయంత్రం, కళ్ళంలో, ధాన్యం రాశి పక్కన నిలబడి, బస్తాలకెత్తే కూలీలు పదిమంది వింటుండగా అన్నాడు. నేను తప్పలేదు, మానేశాను. ఈ రెంటికీ ఉన్న తేడా ఆయనకు బాగా తెలుసు. నేను బడి మానేసి తెచ్చిన జీతంతోనే మా అక్కకు ఆయనతో నిఖా అయింది, ఆ రోజు మాంసం పళ్ళెం మొదట పెట్టింది ఆయన ముందే. "ఏడో క్లాసు తప్పినోడి చేతికి లాబొరేటరీ కాగితం దొరికిందయ్యా, ఇంక వీడి కళ్ళకు మనుషులు ఆనరు" అని ఆయన అంటే కూలీలు నవ్వారు, నా ధాన్యం మీద కూర్చునే నవ్వారు. ఆయనది ధాన్యం కమీషను వ్యాపారం. బసవపున్నయ్య గారి మిల్లు లారీని ఇవాళ పదకొండు గంటలకు మా కళ్ళానికి రప్పిస్తున్నది ఆయనే. దాళ్వా పంట, అరవై రెండు బస్తాలు, కాటా అయిపోయింది, మూతులు కుట్టేశారు, నేను ఊఁ అంటే ఎక్కించడమే. నేను ఊఁ అనలేదు, వద్దనీ అనలేదు, పొద్దున్నే మొదటి బస్సు పట్టుకుని విజయవాడ వచ్చేశాను, మా బియ్యం పరీక్షకిచ్చిన కాగితం చూసిగానీ ఏ మాటా చెప్పనని.

ఆ కాగితం ఇప్పుడు చొక్కా జేబులో నాలుగు మడతలు పడి ఉంది. కాళ్ళ మధ్య ఇరవై అయిదు కిలోల బియ్యం సంచి. మైలవరం ఆర్డినరీ, కిటికీ పక్క సీటు, ఏప్రిల్ ఎండ తొడ మీద పడుతోంది, బస్సు ఇంకా స్టాండులోనే గుర్రుమంటోంది. మా స్టేజికి గంట ప్రయాణం. ధాన్యం లారీ ఎక్కనివ్వాలా, ఆపాలా అన్నది ఈ గంటలో తేల్చుకోవాలి, దిగేసరికి నోట్లో ఏదో ఒక మాట ఉండాలి, లేకపోతే కరిముల్లా నా నోట్లో ఆయన మాట పెడతాడు, ముప్పై అయిదేళ్ళుగా ఆయన చేస్తున్నది అదే. కండక్టరు వచ్చి సంచిని కాలితో కదిపి చూశాడు. "దీనికి లగేజీ కొట్టాలండీ." కొట్టమన్నాను. ఊరు అడిగితే చెప్పాను. "అక్కడంతా వరే గదండీ. అక్కణ్ణుంచి ఇక్కడికి రావాల్సిన బియ్యం, మీరు ఇక్కణ్ణుంచి పట్టుకెళ్తన్నారేంటి?" మామూలుగానే అడిగాడు, వెక్కిరింత కూడా కాదు, నాకే చెవులు కాలాయి. పొలం ఉన్నవాడు బియ్యం కొనుక్కుని బస్సెక్కడం అంటే పెళ్ళాం ఉన్నవాడు హోటల్లో తినడం లాంటిది, చూసినవాడు ఏదో ఒకటి అనుకుంటాడు. పెళ్ళికి వండాలన్నాను. అబద్ధం ఆడినందుకు ఇంకాస్త కాలాయి.

అరగంట కిందట గవర్నర్‌పేటలో జక్కయ్య గారి బియ్యం కొట్లో కూడా ఇట్లాగే. ఈ బియ్యం ఏ కాలవ కింద పండిందని అడిగాను. గుప్పెట్లో గింజలు తీసి చూపించబోతున్న మనిషి ఆగిపోయి, కళ్ళజోడు పైకి నెట్టుకుని నన్ను చూశాడు. "నలభై ఏళ్ళ నుంచీ అమ్ముతున్నా. పాతవా కొత్తవా అంటారు, నూకెంత అంటారు, అన్నం పొడిపొడిగా వస్తదా అంటారు. ఈ గింజ ఏ నీళ్ళు తాగిందయ్యా అని అడిగినోణ్ణి నిన్నే చూశాను." అడిగానంటే అడిగాను. బోరు కింద పండింది వద్దు, పామర్రు అవతల కాలవ కింద పారే నీళ్ళలో పండింది కావాలి, ఏ ఊరి ధాన్యమో చెప్పండి అన్నాను. ఆయన గుమస్తాను పిలిచి, మిల్లు చీటీ తీయించి, ఊరి పేరు చదివించాడు. డబ్బు లెక్కబెట్టి ఇస్తున్నప్పుడు సిగ్గేసింది. సంచి భుజానికెత్తుకుని మెట్లు దిగుతుంటే మాత్రం ఎందుకో గర్వమేసింది, ఇంత ఊళ్ళో ఇంతమంది అన్నం తింటున్నారు, ఆ ప్రశ్న అడగాలని తోచింది ఒక్కడికే, వాడికి ఏడో క్లాసు చదువు.

బస్సు కదిలింది. కొండ కింద నుంచి పోతుంటే కుడివైపు మెట్లు, ఎడమవైపు కృష్ణ, బ్యారేజీ ఎగువన నిండుగా ఉంది. ఆ నీళ్ళే గేట్ల కింద నుంచి కాలవల్లోకి పోయి, ఎక్కడో పామర్రు అవతల ఎవడి చేలోనో నిలబడి, ఎవడి గింజగానో మారి, ఇప్పుడు నా కాళ్ళ మధ్య ఉన్నాయి. మా ఊరికి కాలవ రాదు. నదికి ఇంత దగ్గర్లో ఉండి కూడా మేం మెట్టవాళ్ళమే. మా నాన్న జీవితంలో ఒక్క పూట కూడా సొంత గింజ తినలేదు, కూలి గింజ తిన్నాడు, కంట్రోలు గింజ తిన్నాడు, గోడౌను కాపలాకు ఇచ్చిన జీతంతో కొన్న గింజ తిన్నాడు. నేను తిన్నాను. పదిహేనేళ్ళు తిన్నాను. మా ఇంట్లో కొలిచే బియ్యం నా పొలంవి అని మా అమ్మ బీబీజాన్ చుట్టాలొచ్చినప్పుడల్లా చెప్పేది, అడగకపోయినా చెప్పేది, వడ్డిస్తూ చెప్పేది, "కొన్నవి కాదమ్మా, మా రవూఫ్ పొలంవి" అని, చుట్టాలు తలూపేదాకా గరిటె దించేది కాదు.

ఆ అమ్మ అరచేతుల్లో రెండేళ్ళ నుంచీ కందిగింజలంత కాయలు. అరికాళ్ళలో ఇంకా పెద్దవి. గుండెల మీదా వీపు మీదా నల్లమచ్చలు, వాటి మధ్య తెల్లమచ్చలు, దుమ్ములో నాలుగు చినుకులు పడి ఆగిపోతే ఎట్లా ఉంటుందో అట్లా. వయసు మచ్చలన్నారు. ఎండ మచ్చలన్నారు. కిందటి నెల చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే మా అమ్మ చేతులు చాపి, అవేవో పతకాలన్నట్టు, "చేలో పనిచేసిన చేతులు నాయనా, కాయలు కాయవా మరి" అంది. కుర్ర డాక్టరు. అరచెయ్యి వేలితో నొక్కి చూశాడు. "పని మానేసి ఎన్నేళ్ళయిందమ్మా?" పద్నాలుగేళ్ళంది. కాళ్ళు చూపించమన్నాడు, చాలాసేపు చూశాడు, నావైపు తిరిగి, "మీరు ఏ నీళ్ళు తాగుతారు?" అన్నాడు. పంచాయతీ కుళాయి అన్నాను. "పొలంలో?" బోరు అన్నాను. ఆ బోరు నీళ్ళు పరీక్ష చేయించమని, మడమ మీది కాయను కోసి ముక్క పరీక్షకు పంపాలని చెప్పాడు. బయటికొచ్చాక మా అమ్మ అడిగింది, "నీళ్ళ సంగతి ఎందుకడిగాడ్రా, దాహమేసిందా పాపం?"

ఆ బోరు. విజయవాడ వెనకపడి, భవానీపురం దాటి, బస్సు వేగం అందుకుంది, వేడిగాలి మొహాన కొడుతోంది, కళ్ళు మూసుకుంటే బోరు పడ్డ రోజు కనబడుతోంది. తొంభై ఒకటి, మే నెల. అరవై అడుగులకే నీళ్ళు. మొదట బురద, తర్వాత తెల్లగా పాలలాగా, తర్వాత అద్దంలాగా. ఊరు ఊరంతా వచ్చింది. నేను కొత్త స్టీలు గ్లాసు కడిగి, గొట్టం కింద పట్టి, ఒక్కొక్కళ్ళకూ నా చేత్తో ఇచ్చాను. కొబ్బరి నీళ్ళలాగా ఉన్నాయన్నారు. ఆమోసు రెండు గ్లాసులు తాగి, తుండుగుడ్డతో మూతి తుడుచుకుని, "సాయిబు గారూ, ఇంక కందులు మానేసి వరి పెడదాం" అన్నాడు. ఆమోసు అప్పటి నుంచీ ఆ పొలం నాతో సగం పాలికి చేస్తున్నాడు. చెరువు మట్టి ఇద్దరం కలిసి తోలాం, ఎడ్లబండి మీద, మూడు వేసవులు, ఎన్ని బళ్ళో లెక్క పెట్టడం ఆమోసే మానేశాడు. ఇటుక ముక్కలు ఏరాం. అక్కడ ఇదివరకు గోడౌను ఉండేది మరి. గోడౌను కూలిన నేలలో వరి పండుతుందా అని నవ్వినవాళ్ళే తర్వాత మా నారు కోసం వచ్చారు. నాకు ఈ లోకంలో గొప్పగా చెప్పుకోవడానికి ఒకటే ఉంది, ఏ షావుకారు గేటు దగ్గర మా నాన్న బీడీ దాచుకుని లేచి నిలబడేవాడో ఆ గేటున్న జాగాను ఎనభై మూడులో నేను కొన్నాను. కాపలావాడి కొడుకు కొన్నాడు. ఆ రోజు రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెట్టే చోటికొచ్చేసరికి వేలిముద్ర ప్యాడ్ ముందుకు తోశాడు గుమస్తా. నేను దాన్ని వెనక్కి తోసి, కలం అడిగి, షేక్ అబ్దుల్ రవూఫ్ అని పూర్తిగా రాశాను.

గొల్లపూడిలో ఒకామె ఎక్కింది. లేత నీలం చీర, మెడలో శిలువ, చేతిలో సంచీ నిండా తోటకూర కట్టలు. నా పక్కన కూలబడి, ఊపిరి తీసుకుని, ముందు నా బియ్యం సంచి వంక చూసి తర్వాత నన్నూ నా తెల్లటోపీనీ చూసింది. ఆడవాళ్ళకు బియ్యం సంచి పక్కన కూర్చుంటే ఊరుకోబుద్ధి కాదు. "ఎంత పడిందండీ?" చెప్పాను. "అబ్బో. సన్నాలేనా?" సన్నాలేనన్నాను. "నేను హాస్టల్లో వంట చేస్తా. కొండపల్లిలో, ఆడపిల్లల హాస్టలు. తెరేసమ్మంటే అందరికీ తెలుసు. మాకు ఇంత మంచివి ఎవడిస్తాడు. మిల్లు నుంచి పంపిస్తారు, గోతాం మీద పేరుండదు ఊరుండదు, వచ్చింది వండటమే." నేను తలూపి కిటికీ వైపు తిరిగాను. మాట్లాడే మనసు లేదు. ఆమె తోటకూర కట్ట విప్పి, పుచ్చు ఆకులు గిల్లి కిటికీలోంచి పారేయడం మొదలుపెట్టింది, నా మీదుగానే.

గుంటుపల్లి దగ్గర్నుంచే థర్మల్ కరెంటు స్టేషను పొగగొట్టాలు కనబడతాయి. నీళ్ళ కాగితం వచ్చిన రోజు మా ఊళ్ళో నేను చెప్పిన ఇద్దరూ, కరిముల్లా, ఆమోసు, వెంటనే చెయ్యెత్తి ఆ పొగ వైపే చూపించారు, ఇంకెక్కణ్ణుంచి వస్తదయ్యా అని. నేను కూడా తలూపాను. పొగగొట్టం మీద పడేస్తే ఎంత హాయి, అది తిరిగి మాట్లాడదు. కానీ నాకు తెలుసు. పదిహేను రోజులుగా మా ఊళ్ళో నాకొక్కడికే తెలుసు. క్రిస్టినా మా ఆమోసు కూతురు, విజయవాడలో కాలేజీలో కెమిస్ట్రీ లాబ్‌లో పనిచేస్తుంది, బోరు నీళ్ళ సీసా ఆమెకే ఇచ్చాను. వారం తర్వాత కాలేజీ గేటు దగ్గర నిలబెట్టి చెప్పింది, "బాబాయ్, ఇందులో ఆర్సెనిక్ ఉంది. ఉండాల్సిందానికి తొమ్మిది రెట్లు ఉంది." అదేంటమ్మా అన్నాను. "తెలుగులో పాషాణం అంటారు. పురుగుల్ని చంపేది. అక్కడ ఇదివరకేమన్నా ఉండేదా?" తోళ్ళ గోడౌనుండేదన్నాను. అంతవరకే అన్నాను. ఆ పిల్ల నా మొహంలోకి చూస్తోంది, నా చేతులు వెనక్కి పోయాయి వాటంతటవే.

పాషాణం నాకు తెలియదా. పన్నెండేళ్ళప్పటి నుంచి పంతొమ్మిదేళ్ళ దాకా నా చేతులు తెల్లగా ఉన్నది దానితోనే. ఊళ్ళ మీద నుంచి బళ్ళలో వచ్చిన తోళ్ళను ఉప్పు దులిపి, తెల్ల మందు కలిపిన తొట్టిలో ముంచి, నిట్రాళ్ళకు ఆరేసేవాళ్ళం, పురుగు పట్టకుండా. డబ్బాల మీద పుర్రె బొమ్మ. మేస్త్రీ ముక్కుకు గుడ్డ కట్టుకోమనేవాడు, మధ్యాహ్నం సద్ది తినేముందు చేతులు బూడిదతో తోముకోమనేవాడు, అంతకుమించి ఎవరూ ఏమీ చెప్పలేదు. డెబ్బై అయిదులో షావుకారు గోడౌను మూసేసి మద్రాసు పోతూ మిగిలిన డబ్బాలు పూడ్చేయమన్నాడు. మా నాన్నా నేనూ పూడ్చాం. ఉత్తరం మూల, చింతచెట్టు మొద్దు పక్కన, నడుం లోతు గుంట. పదకొండు డబ్బాలు. రెండు తుప్పు పట్టి పగిలాయి, చేతులతో ఎత్తి పోశాను. మట్టి కప్పి, మా నాన్న కాలితో తొక్కి, "ఇంక దీని సంగతి మర్చిపో" అన్నాడు. మర్చిపోయాను. ఆ మాట పాటించినంత బాగా మా నాన్న మాట ఇంకోటి పాటించలేదు. ఎనభై మూడులో ఆ జాగా కొన్నప్పుడు గుర్తు రాలేదు. తొంభై ఒకటిలో బోరు వేసేవాడు ఉత్తరం మూల నీళ్ళు బాగా చూపిస్తున్నాయన్నప్పుడు గుర్తు రాలేదా అంటే, వచ్చింది. ఒక్క క్షణం వచ్చింది. పదహారేళ్ళయింది, మట్టిలో మట్టై ఉంటుందిలే అనుకున్నాను. నా చేత్తోనే గ్లాసులిచ్చాను.

"కొత్తవేనా, పాతవా?" తెరేసమ్మ అడుగుతోంది. పాతవే అన్నాను. "అయితే ఎసరు ఎక్కువ తాగుతాయి. నేను కుక్కర్లో వండనండీ. కుక్కర్లో అన్నం జిగురు జిగురుగా ఉంటది. ఇంత పెద్ద డేగిసా నిండా ఎసరు పెట్టి, ఉడికినాక వారుస్తా. డెబ్బై మంది పిల్లలండీ, వార్చడానికి ఇద్దరం పట్టుకోవాల." నేను ఆమె వైపు తిరిగాను. "గంజేం చేస్తారు?" అన్నాను. ఆమె నన్ను జాలిగా చూసింది, వంటింటి మొహం ఎరగని మగాడు అన్నట్టు. "గంజి పారబోస్తామా ఎక్కడన్నా? ఉప్పేసి పిల్లలకే పోస్తా. బక్కపిల్లలు నలుగురున్నారు, రక్తం లేదని డాక్టరమ్మ చెప్పింది, వాళ్ళకి రెండేసి గ్లాసులు. అన్నంలో సారమంతా గంజిలోనే గదండీ ఉండేది."

సారమంతా గంజిలోనే. మా ఇంట్లోనూ ఆ మాటే. మా ఆవిడ అన్నం వార్చగానే మొదటి గంజి అమ్మకు, చిటికెడు ఉప్పు, ఒక పచ్చిమిరపకాయ. మేం ఐదుగురం అన్నం తింటే, ఐదుగురి గంజీ అమ్మ ఒక్కతే తాగింది, పొద్దునొక చెంబు, సాయంత్రం ఒక చెంబు, పదిహేనేళ్ళు. ఎవరికీ ఇచ్చేది కాదు. నేనే పెట్టించాను ఆ పద్ధతి. పెద్దదానికి బలం కావాలని, నా పొలం బలమంతా మా అమ్మకే పోవాలని. అక్కడ గేటు దగ్గర క్రిస్టినా వరి సంగతి చెబుతూ, వరి నీళ్ళలోనే నిలబడుతుంది గనుక నేలలో ఉన్నదాన్ని కంది కన్నా జొన్న కన్నా ఎక్కువ లాక్కుంటుందనీ, గింజలో దాచుకుంటుందనీ చెబుతుంటే నేను గొప్పగా, "మేం వార్చి తింటామమ్మా, కుక్కరు కాదు" అన్నాను. "మంచిది బాబాయ్. మంచినీళ్ళు ఎక్కువ పోసి వారిస్తే సగం దాకా గంజిలోకి పోతుంది. గంజి మాత్రం ఎవరూ తాగకండి" అంది. ఆ గేటు ముందు, ఎండలో, సైకిళ్ళు పోతుంటే, నేను నిలబడ్డ చోటే నిలబడిపోయాను. ఆ అమ్మాయి ఏమైంది బాబాయ్ అంటోంది. ఇంటిల్లిపాదికీ రావాల్సిందాంట్లో సగం తీసి మా అమ్మ చెంబులో పోశాను, ప్రేమతో పోశాను, ఉప్పేసి పోశాను.

ఇంటికెళ్ళి ఇంక గంజి వద్దమ్మా అంటే మా అమ్మ పోట్లాడింది. "పదిహేనేళ్ళు తాగినదాన్ని, ఇప్పుడు నా నోటికాడ లాగేస్తావా? ఎవరికి పోస్తావు, నీ పెళ్ళానికా?" పారబోస్తామన్నాను. ఆమె నన్ను చూసిన చూపు చూడాల్సిందే. అన్నం పారబోసే వంశంలో పుట్టానా నేను. బోరు సంగతి చెప్పాను, గుంట సంగతి చెప్పలేదు. చాలాసేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది, కాయల మీద బొటనవేలు రాసుకుంటూ. తర్వాత, "రుచిగా ఉండేదిరా" అంది. నా అరచేతిలోనూ రెండున్నాయి. ఎవరికీ చూపించలేదు.

ఇబ్రహీంపట్నం రింగు దగ్గర బస్సు ఆగింది, దోసకాయలవాడు ఎక్కి దిగాడు, టైము పదీ ఇరవై. కరిముల్లా చెప్పిన లెక్క బుర్రలో మళ్ళీ తిరుగుతోంది. నీళ్ళ సంగతి ఆయనకు చెప్పినప్పుడు నన్ను పక్కకు తీసుకెళ్ళి భుజం మీద చెయ్యేసి చెప్పాడు, ఆయన భుజం మీద చెయ్యేస్తే నాకు ఇప్పటికీ పన్నెండేళ్ళే. "నువ్వు తినొద్దు, అమ్మకు పెట్టొద్దు, సరే. అమ్ముకోవడానికేం? బసవపున్నయ్య మిల్లులో వెయ్యి బస్తాల్లో అరవై కలుస్తాయి. ఎవడి పళ్ళెంలోకి నాలుగు గింజలొస్తాయి చెప్పు. ఎవడికేమవుద్ది?" నిజం చెబుతున్నాను, ఆ లెక్క నాకు బాగానే కనబడింది. ఏడో క్లాసు దాకా లెక్కల్లో నేనే ఫస్టు. ఇవాళ పొద్దున కాగితం చేతికొచ్చాక కూడా, కొత్త గింజలోనూ పాత గింజలోనూ రెండింటిలోనూ ఉందని క్రిస్టినా వేలుపెట్టి చూపించాక కూడా, పిల్లలకైతే అసలు పెట్టకూడదు బాబాయ్ అన్నాక కూడా, జక్కయ్య గారి కొట్లో నా ఇంటికి మంచి గింజ ఎంచుకుంటున్నప్పుడు కూడా, లోపల ఒక మూల ఆ లెక్క కూర్చునే ఉంది. నాకు మంచిది కొనుక్కుంటాను, నాది ఊళ్ళోకి తోలేస్తాను. మిల్లు తిరుగుతుంది, గోతాం మీద పేరుండదు. పదిహేనేళ్ళుగా తెలియక అమ్మాను. ఇంకొక్కసారి అమ్మితే తెలిసి అమ్మినట్టు, అంతేగా తేడా.

కానీ ఈ తెరేసమ్మ వచ్చి పక్కన కూర్చుంది. నాలుగు గింజలే కావచ్చు, అవి ఏ డేగిసాలో పడతాయో కరిముల్లాకు తెలియదు, మా అమ్మ చెంబు లాంటి చెంబు ఏ చేతిలో ఉంటుందో తెలియదు. బక్కపిల్లలకు రెండేసి గ్లాసులు. "తెరేసమ్మ గారూ," అన్నాను, "బియ్యం ఎక్కడివో తెలియనప్పుడు ఆ గంజి పిల్లలకు పోయకండి. పారబోయండి." ఆమె తోటకూర గిల్లడం ఆపింది. "ఎందుకండీ?" కొన్ని పొలాల్లో నీళ్ళు మంచివి కావు, ఆ చెడు గింజలోకి, గింజలోంచి గంజిలోకి వస్తుందన్నాను. "ఏ పొలాల్లో?" అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గరే ఉంది, రెండు స్టేజీల అవతల ఉంది, సర్వే నెంబరుతో సహా ఉంది. సంచి మూతి సర్దుకున్నాను. ఆమె కాసేపు చూసి నవ్వింది. "మీ సాయిబుల ఇళ్ళల్లో జరుగుద్దేమో గానీ అన్నయ్యా, గంజి పారబోస్తే మా వార్డెనమ్మ నన్ను పారబోస్తది." కొండపల్లిలో దిగిపోయింది, సంచీ చంకన పెట్టుకుని, బొమ్మల కొట్ల ముందు నుంచి చకచకా నడుస్తూ. ఆమె వెనకాలే దిగి చెప్పాలనిపించింది. ఏం లాభం. ఇట్లా ఎంతమంది తెరేసమ్మలకు చెబుతాను, ఎన్ని హాస్టళ్ళ గుమ్మాల్లో నిలబడతాను, ఎవరు నమ్ముతారు. గింజ లారీ ఎక్కనంతసేపే అది నాది. ఎక్కిన తర్వాత దానికి ఊరుండదు పేరుండదు, దాన్ని ఆపగలిగిన మనిషి ఈ భూమ్మీద ఉండడు. ఇప్పుడు, ఇంకో పావుగంటసేపు, ఒకడున్నాడు. విచిత్రం, ఆ మాట తోచగానే వీపు నిటారుగా అయింది. షావుకారు మద్రాసు పోయాడు, మేస్త్రీ పోయాడు, మా నాన్న పోయాడు, ఇందులో చెయ్యి పెట్టినవాళ్ళలో ఆపడానికి మిగిలినవాణ్ణి నేనే.

స్టేజిలో దిగి, సంచి భుజానికెత్తుకుని, గట్టు దారిన కళ్ళానికే పోయాను, ఇంటికి కాదు. లారీ వచ్చే ఉంది. కరిముల్లా నాకోసం ఆగలేదు, ఇరవై బస్తాల దాకా ఎక్కించేశాడు. ఎక్కకుండా మిగిలినవాటి మీద ఆమోసు కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాడు, తలపాగా తీసి విసురుకుంటూ.

"లెగవయ్యా బాబూ, ఎండ ముదురుతోంది" అంటున్నాడు కరిముల్లా.

"సాయిబు గారిని రానీండి."

"నీ సగం పాలు కూడా అందులోనే ఉందిరా."

"ఉంది గదా. అందుకే కూర్చున్నా."

బసవపున్నయ్య గారు స్వయంగా వచ్చారు. లారీ నీడలో నిలబడి, ఒక బస్తాలోంచి నాలుగు గింజలు లాగి, ఊక నలిపి, పంటి కింద పెట్టుకుని తేమ చూస్తున్నారు, మిల్లువాళ్ళందరూ చూసినట్టే. "బాగా ఎండింది రవూఫ్," అన్నారు, "ధర ఇంకో పది పెంచమంటావా ఏంటి?" కూలీలు నవ్వబోయి నా మొహం చూసి ఆగారు.

"ధర కాదండీ. ఎక్కించినవి దించెయ్యండి" అన్నాను. కరిముల్లా నా దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేశాడు. భుజం మీద బియ్యం సంచి ఉంది, చెయ్యి సంచి మీద పడింది. చెప్పాను. కాగితం విప్పి చూపించాను గానీ ఎవరూ దాన్ని చదవలేదు, నా మొహమే చూస్తున్నారు. నీళ్ళ సంగతి చెప్పి, ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు అని వదిలేయొచ్చు, పొగగొట్టాలు అక్కడే నిలబడి ఉన్నాయి, అందరికీ కనబడుతున్నాయి. వదలలేదు. పొలం ఉత్తరం మూలకు నడిచి, చింతమొద్దు ఉన్న చోట మడమతో గీత గీసి, ఇక్కడ పదకొండు డబ్బాల తోళ్ళ పాషాణం ఉంది, డెబ్బై అయిదులో మా నాన్నా నేనూ పూడ్చాం, తెలిసి ఇక్కడే బోరు వేశాను, మీ అందరికీ ఆ నీళ్ళు నా చేత్తో ఇచ్చాను, అన్నాను. ఆమోసు విసురుకోవడం ఆపాడు. "నీ పాలు నేను అచ్చుకుంటాను" అన్నాను వాడి వైపు చూడలేక. వాడు లేచి, లారీ వెనక్కి నడిచి, పై బస్తా కొస పట్టుకుని లాగుతూ, "ముందు దించండి సాయిబు గారూ. మిగతావి నాకూ నీకూ మధ్యన" అన్నాడు. వాడు నన్ను నీకూ అనడం పదిహేనేళ్ళలో అదే మొదలు. సరేననుకున్నాను. నేను రెండో కొస పట్టుకున్నాను.

బసవపున్నయ్య గారు నోట్లో ఉన్న గింజను పక్కకు ఉమ్మి, పంచె కొసతో నాలుక తుడుచుకుని, స్కూటరు దగ్గరికి నడిచారు. దారిలో ఆగి పొలం వంక ఒకసారి చూశారు, పొలం కాదు పాము అన్నట్టు. కూలీలు ఆ చూపును చూశారు. సాయంత్రానికి మైలవరం దాకా తెలుస్తుంది, రేపటికి విజయవాడ దాకా. ఇంక అక్కడ కంది పెట్టినా కొనేవాడుండడు, గడ్డి కోసుకోమన్నా కోసేవాడుండడు, ఇళ్ళ జాగాగా కూడా ఎవడూ గజం అడగడు. బోరు గొట్టంలో నేనే కాంక్రీటు పోయిస్తాను. కరిముల్లా బస్తాల మీద కూలబడి, గొంతు తగ్గించి, మొదటిసారి నిజంగా బాధపడుతూ అన్నాడు, "ధాన్యం పోతే పోయిందిరా. నోటితో పొలం పోగొట్టుకున్నావు." పోగొట్టుకున్నాను. మా నాన్న కాపలా కాసినది, నేను సంతకం పెట్టి కొన్నది, ఆమోసూ నేనూ మట్టి తోలినది. ఎకరం డెబ్బై మూడు సెంట్లు.